ఒకే అడవి: మే నెల మంట వేరు, అక్టోబరు మంట వేరు

జామాయిల్ అంటే మన దగ్గర తోట. వరసల్లో నాటిన సన్నటి చెట్లు, నాలుగైదేళ్ళకోసారి కొట్టి లారీలకెత్తి పేపర్ మిల్లుకి తోలే కర్ర, కొట్టిన మోడు చుట్టూ కొద్ది వారాల్లోనే లేచే పిలకలు. దాన్ని అడవి అని ఎవరం అనుకోం. ఆస్ట్రేలియా కార్చిచ్చుల వీడియోలు టీవీలో వచ్చినప్పుడల్లా "అది నూనె చెట్టు కదా, అంటుకుంటే ఇంకేముంది" అనేస్తాం. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. ఆ వీడియోలు ఎక్కువగా ఆ దేశపు ఆగ్నేయ మూలవి, విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ వైపువి. ఉత్తరాన డార్విన్ నుంచి కకడు జాతీయ పార్కు మీదుగా ఆర్నెమ్ లాండ్ దాకా ఉష్ణమండలంలో ఉన్న జామాయిల్ జాతుల అడవి సంగతి పూర్తిగా వేరు. అక్కడ చాలాచోట్ల రెండు మూడేళ్ళకోసారి, కొన్నిచోట్ల ఏటేటా నిప్పు పాకుతుంది. 1980 నుంచి 1990ల మధ్య దాకా తీసిన లెక్కల్లో కకడులో ఏడాదికి సగటున దాదాపు సగం నేల కాలింది. సగం! అయినా అడవి అక్కడే ఉంది, చెట్లు నిలబడే ఉన్నాయి.

మరి నిప్పు ఆ అడవికి మంచిదా చెడ్డదా అంటే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఏ నెలలో, ఎంత వేడితో, ఎంత మేర, ఎన్నేళ్ళకోసారి అని అడిగితేనే విషయం అర్థమవుతుంది. వాటిలో నెల అన్నిటికంటే ముఖ్యం కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను.

డార్విన్‌లో ఏడాదికి దాదాపు 1,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఇంచుమించు అంతా నవంబరు నుంచి ఏప్రిల్ లోపే పడిపోయి, తర్వాత నెలల తరబడి చుక్క రాలదు. దక్షిణార్ధగోళం కాబట్టి మే, జూన్, జులై అక్కడ చల్లటి నెలలు. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడుతుంది. నేల లోపల ఇంకా తడి ఉంటుంది. ఆగస్టు దాటాక ఎండ ముదురుతుంది, గాలి పొడిబారుతుంది, సెప్టెంబరు అక్టోబరుకల్లా ఆకు పట్టుకుంటే పొడైపోతుంది.

చెట్ల కింద చాలా మేర పెరిగేది ఏమిటో తెలుసా? జొన్న. మన చేలో జొన్నకి దాయాది, అడవి జొన్న. వానకి మొలిచి, మనిషిని మించి రెండు మూడు మీటర్లు పెరిగి, గింజ రాల్చి, అదే ఏడాది చచ్చిపోతుంది. ఏప్రిల్‌లో వచ్చే చివరి గాలివానలు ఆ దంట్లని నేలకి పడగొడతాయి (అక్కడివాళ్ళు ఆ వానల్ని "పడగొట్టే తుపానులు" అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు). దాని గింజ చూస్తే ముచ్చటేస్తుంది. గింజకి పొడుగాటి, మెలితిరిగిన నూగు ఒకటి ఉంటుంది, తడి తగిలితే మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్ళీ చుట్టుకుంటుంది, అలా తిరుగుతూ తిరుగుతూ గింజని మట్టిలోకి దించుతుంది. రెండు వేళ్ళ మందం మట్టి కప్పుకుందంటే చాలు, పైన ఎంత మంట వెళ్ళినా గింజకి ఏమీ కాదు. అంటే ఏడాదికోసారి ఒక పంటంత ఎండుగడ్డిని తయారుచేసి నేలమీద పరిచి, తన గింజని మాత్రం భద్రంగా దాచుకునే మొక్క అది. నిప్పుకి ఇంతకంటే మేత ఏం కావాలి?

కకడు లోపల కపాల్గా అనే చోట, వెస్ట్ ఆలిగేటర్, సౌత్ ఆలిగేటర్ అనే రెండు నదుల మధ్య, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ 1990 నుంచి 1994 దాకా ఒక పెద్ద ప్రయోగం చేసింది. పెద్ద అంటే మామూలు పెద్ద కాదు, ఒక్కో గడి 15 నుంచి 20 చదరపు కిలోమీటర్లు. కొన్ని గడుల్ని ఏటా పొడికాలం మొదట్లో కాల్చారు, కొన్నిటిని సెప్టెంబరులో కాల్చారు, కొన్నిటిని పొడికాలం పొడుగునా ఎండిన మేరకి విడతలుగా కాల్చారు, కొన్నిటికి అసలు నిప్పు తగలనివ్వలేదు. మంట తీవ్రతని కిలోవాట్లలో కొలుస్తారు, ముందుకి పాకే మంట వరసలో ఒక మీటరు పొడవు ఎంత వేడి వదులుతుందో అన్నమాట. ముందు కాల్చిన మంటలకి అది సగటున 2,100 కిలోవాట్లు వచ్చింది, ఆలస్యంగా కాల్చినవాటికి 7,700. మనింట్లో గీజరు 2 కిలోవాట్లు ఉంటుంది కదా, అంటే ఒక్క మీటరు మంటలో ముందు నెలల్లో వెయ్యి గీజర్లు, సెప్టెంబరులో నాలుగు వేలకి కాస్త తక్కువ. అదే నేల, అదే గడ్డి, మధ్యలో మూడు నాలుగు నెలల తేడా.

ఎందుకింత తేడా అంటే, మొదట్లో గడ్డి పైకి ఎండినట్టు కనిపించినా అడుగున పచ్చిగానే ఉంటుంది, లోతట్టు నేలల్లో ఇంకా తడి ఆరదు కాబట్టి మంట అక్కడిదాకా వెళ్ళి ఆగిపోతుంది, రాత్రి మంచు పడగానే చాలా మంటలు వాటంతట అవే చల్లారిపోతాయి, పొద్దున చూస్తే కాలినచోటు పక్కనే కాలనిచోటు, చీరకి అతుకులేసినట్టు. ఆలస్యమైనకొద్దీ చెట్లు రాల్చిన ఎండాకు గడ్డికి తోడవుతుంది, ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది, ఆపే తడి నేల ఎక్కడా మిగలదు, ఒకసారి రేగిందంటే రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి, వందల చదరపు కిలోమీటర్లు నాకేస్తుంది. అతుకులేం మిగలవు. అంతా ఒకటే నలుపు.

ఇక చెట్టు సంగతి. అక్కడ పెత్తనం రెండు చెట్లది. ఒకటి స్ట్రింగీబార్క్, పీచు బెరడు చెట్టు. దాని బెరడు వానాకాలంలో పెద్ద పలకలాగా ఊడొస్తుంది, ఆర్నెమ్ లాండ్ చిత్రకారులు బొమ్మలు వేసేది దాని మీదే. రెండోది ఊలీబట్. దాని మొదలు దగ్గర నిలబడి చూస్తే రెండు చెట్లు అతికించినట్టుంటుంది, కింద మసిబారిన గరుకు బెరడు, పైన సగం నుంచి తెల్లగా నున్నగా కొమ్మలు. నిప్పుకి చొక్కా తొడిగింది కిందివైపే. పైదాకా వచ్చే మంట ఆ అడవికి అలవాటు లేదని ఆ బెరడే చెబుతున్నట్టు నాకనిపిస్తుంది.

మనం మొదట్లో అనుకున్న పిలకల రహస్యం కూడా ఇక్కడే ఉంది. మామూలు చెట్లలో నిద్రపోయే మొగ్గలు బెరడు పైపొరకి దగ్గరగా ఉంటాయి, బెరడు మాడితే అవీ పోతాయి. జామాయిల్ జాతుల్లో మొగ్గ కట్టగలిగే కణాలు బెరడు అడుగున, బాగా లోతుగా దాగి ఉంటాయి. ఆకంతా మాడిపోయినా కొన్ని వారాల్లో మాను పొడుగునా ఎర్రటి లేత చిగుళ్ళు పొడుచుకొస్తాయి, బొగ్గు మీద కుంకుమ జల్లినట్టు. మాను పూర్తిగా చచ్చినా నేలలోపలి వేరుదుంప నుంచి మళ్ళీ లేస్తుంది. అందుకే ఒక మంట చూసి "అడవి పోయింది" అని ఏడవక్కర్లేదు, ఒక ఏడాది చిగుళ్ళు చూసి "దీనికేం కాదు" అని సంబరపడనూ అక్కర్లేదు.

ఎందుకంటే దెబ్బ కనిపించనిచోట తగులుతోంది. ఆ అడవి నేల మీద మోకాలెత్తు పిల్లచెట్లు కొల్లలుగా ఉంటాయి. చూడ్డానికి నిన్న మొన్న మొలిచినట్టుంటాయి కానీ కింద వేరుదుంప వయసు చాలా ఎక్కువ ఉండొచ్చు. మంట వచ్చినప్పుడల్లా పైభాగం కాలిపోతుంది, మళ్ళీ అడుగు నుంచి మొదలు. మంటకి అందనంత ఎత్తు ఎదగాలంటే వరసగా కొన్నేళ్ళు విరామం దొరకాలి. అది దొరకనంతకాలం అవి ఎదగని పిల్లలే. పెద్దచెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి దూరం నుంచి అడవి బాగానే కనిపిస్తుంది, వాటి తర్వాత ఎవరు అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

పెద్దచెట్లకీ ఒక లోపం ఉంది, చెదలు. అక్కడ చెదపురుగులు బతికున్న మాను నడిమి కర్రని తినేసి గొట్టంలా చేస్తాయి. డిడ్జెరిడూ అనే ఊదే వాయిద్యం చేసేది అలా చెద తొలిచిన కర్రతోనే. ఆ తొర్రల్లోనే చెట్టెలుకలు, పోసమ్‌లు (కంగారూలా పొట్టకి సంచి ఉండే చిన్న జంతువులు), చిలకలు ఉంటాయి. పొడికాలం మొదట్లో వెళ్ళే చిన్న మంట మొదలు పక్క నుంచి పోతుంది. ఆలస్యంగా వచ్చే పెద్ద మంట మొదట్లోని కంతలోంచి లోపలికి దూరి పొయ్యి గొట్టంలో లేచినట్టు లేస్తుంది. చెట్టు లోపల నుంచి కాలి కూలిపోతుంది, దాంతోపాటు అందులోని ఇళ్ళన్నీ పోతాయి. కొత్త తొర్ర తయారవడానికి ఎన్ని దశాబ్దాలు కావాలో ఊహించుకోండి.

ఆర్నెమ్ లాండ్ పీఠభూమి రాళ్ళ మధ్య కాలిట్రిస్ అని ఒక సైప్రస్ పైన్ చెట్టు ఉంది. దానికి పిలకలు రావు. మానులో వేడి దిగితే చచ్చిపోతుంది, గింజకి నేలలో ఎన్నాళ్ళో ఓపిక లేదు. విచిత్రం ఏమిటంటే దాని కర్రని చెద ముట్టదు, చచ్చినా ఏళ్ళ తరబడి అలాగే నిలబడి ఉంటుంది. ఆర్నెమ్ లాండ్‌లో బూడిదరంగు అస్థిపంజరాల్లా నిలబడ్డ ఆ చెట్ల గుంపులు ఒక చరిత్ర చెబుతున్నాయి. తేలిగ్గా చచ్చే చెట్టు అంత వయసుదాకా ఎదిగిందంటే అంతకుముందు ఎవరో నిప్పుని అదుపులో పెట్టారనే కదా, ఇప్పుడు గుంపులు గుంపులుగా చచ్చాయంటే ఆ అదుపు తప్పిందనే కదా.

అదుపులో పెట్టింది అక్కడి ఆదివాసులు. పదుల వేల ఏళ్ళుగా ఆ నేలమీద ఉన్నవాళ్ళు. కకడు బినింజ్ జనం ఏడాదిని ఆరు కాలాలుగా లెక్కపెడతారు. అందులో మే నుంచి జూన్ మధ్య దాకా వచ్చే కాలం యెగ్గె, పొద్దున్నే పొగమంచు కమ్మే చల్లటి రోజులు. ఊలీబట్ నారింజరంగు పూలు పూసిందంటే కాల్చడం మొదలుపెట్టొచ్చని లెక్క. క్యాలెండరు చూసి పెట్టిన తేదీ కాదది, మన పల్లెల్లో తంగేడు పూతని చూసో, కార్తె చూసో పని మొదలుపెట్టినట్టు, చెట్టే చెబుతుంది. నడుచుకుంటూ వెళ్తూ ఇక్కడింత, అక్కడింత కాలుస్తారు. వేటకి, దారి కోసం, కాలినచోట లేత గడ్డి మొలిస్తే కంగారూలు వస్తాయని, ఇంకా నేలని శుభ్రంగా ఉంచడం తమ బాధ్యత అని. నల్ల గద్దలు, గోధుమరంగు డేగలు మండే పుల్లని ముక్కునో కాళ్ళనో పట్టుకెళ్ళి కాలని గడ్డిలో వేస్తాయని, అలా పురుగూ పుట్రా బయటికొస్తే తింటాయని వాళ్ళు చాలాకాలంగా చెబుతూ ఉంటే, 2017లో పరిశోధకులు ఆ సాక్ష్యాలన్నీ పోగేసి ప్రచురించారు.

20వ శతాబ్దంలో ఈ ఏర్పాటు చెదిరింది. క్రైస్తవ మిషన్లకి, పట్నాలకి, గనులకి, స్టేషన్లు అనే పెద్ద పశువుల క్షేత్రాలకి జనం వెళ్ళిపోయారు, పీఠభూమి దాదాపు ఖాళీ అయింది. మే నెలలో కాల్చేవాళ్ళు లేకపోతే మంటలు ఆగిపోవు, అక్టోబరుకి జరుగుతాయి. అంతే జరిగింది. పశ్చిమ ఆర్నెమ్ లాండ్‌లో 1990ల మధ్య నుంచి పదేళ్ళ లెక్క చూస్తే ఏటా దాదాపు మూడో వంతు నేల పొడికాలం చివర్లోనే తగలబడింది. లాఫ్టీ బర్దయాల్ నజమెరెక్ అనే పెద్దాయన, రాతిబొమ్మలు వేసిన చివరితరం చిత్రకారుల్లో ఒకరు, ఖాళీ అయిన తన నేలకి మనుషులు తిరిగి రావాలని పట్టుబట్టి 2000ల మొదట్లో కబుల్వర్నమ్యో అనే చోట మళ్ళీ కాపురం పెట్టించారు. ఆ నేలని చూసుకునే అక్కడి ఆదివాసీ రేంజర్ల సంస్థే వార్డెకెన్. ఆయన 2009లో పోయారు.

డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందన్నది ఈ వ్యవహారంలో అందరూ తికమకపడే చోటు. 2006లో, అప్పట్లో డార్విన్‌లోని సహజవాయువు ప్లాంటు నడిపిన కొనోకోఫిలిప్స్ కంపెనీ 17 ఏళ్ళపాటు ఏడాదికి సుమారు 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. బదులుగా రేంజర్లు ముందు నెలల్లో కాల్చి, చివరి మంటల్ని తగ్గించి, ఏడాదికి లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు గాల్లో కలవకుండా చూడాలి. ప్రాజెక్టు విస్తీర్ణం 28,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో నాలుగో వంతు అనుకోండి.

"కాల్చి కాలుష్యం తగ్గించడమేంటి?" అని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క ఇది. గడ్డి కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని లెక్కలోకి తీసుకోరు, వచ్చే వానాకాలంలో మొలిచే గడ్డి దాన్ని మళ్ళీ పీల్చేసుకుంటుంది కాబట్టి. మంటలో మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా పుడతాయి, వాటిని గడ్డి వెనక్కి తీసుకోదు. వందేళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్ 265 రెట్లు వేడెక్కిస్తాయి. పొడికాలం మొదటి మంటలో తక్కువ నేల, అతుకులు అతుకులుగా, తక్కువ మేత కాలుతుంది. దుంగలు, పొదలు చాలావరకు మిగులుతాయి. కాబట్టి ఏడాది మొత్తం మీద ఆ రెండు వాయువులూ తగ్గుతాయి. మొదటి ఏడేళ్ళ ఫలితం తీస్తే ముందున్న సగటు కంటే మూడో వంతుకి పైగా తగ్గాయి. 2012లో ఈ పద్ధతి ఆ దేశపు కార్బన్ క్రెడిట్ల (తగ్గించిన ప్రతి టన్నుకీ ఇచ్చే, అమ్ముకోగలిగే పత్రాల) చట్టంలోకి ఎక్కింది, జులై 31 వరకు ముందు మంట, ఆగస్టు 1 నుంచి ఆలస్యపు మంట అని గీత గీశారు. ఇప్పుడు రేంజర్లు నడిచి కాల్చడమే కాదు, హెలికాప్టర్ల నుంచి చిన్న ప్లాస్టిక్ గోళీలు వేస్తారు, లోపల పొటాషియం పర్మాంగనేట్ ఉంటుంది, పడేసేముందు సూదితో గ్లైకాల్ ఎక్కిస్తారు, అర నిమిషంలో అంటుకుంటుంది.

ఇది నాకు నచ్చిన పని. జీతాలొచ్చాయి, పెద్దవాళ్ళ తెలివి పిల్లలకి అందింది, శాటిలైట్ బొమ్మల్లో చివరి మంటలు నిజంగానే తగ్గాయి. అయినా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ముందు మంట అయితే చాలు, ఎంత తరచుగా అయినా ఫరవాలేదు అనుకోవడం పొరపాటు. కకడులో చిన్న జంతువులు, బాండికూట్లు (మన పందికొక్కులు కావు, పొట్టకి సంచి ఉండేవి), చెట్టెలుకలు, ఈ కొన్ని దశాబ్దాల్లో దారుణంగా పడిపోయాయి. మంట వాటిని నేరుగా చంపేది తక్కువే, అసలు దెబ్బ తర్వాత ఉంది. దాక్కోడానికి గడ్డి, పొద లేకపోతే అడవిపిల్లుల పని సులువు. యూరప్ వాళ్ళతో వచ్చి అడవిపడ్డ పిల్లులు అవి, కాలిన నేలని వెతుక్కుని మరీ వచ్చి వేటాడతాయని వాటి మెడకి పెట్టిన ట్రాకర్లే చూపించాయి. పొదలకి, పిల్లచెట్లకి మూడేళ్ళు, ఐదేళ్ళు నిప్పు తగలని జాగాలు కావాలి. కార్బన్ లెక్కలో టన్నులు కనిపిస్తాయి, చెట్టెలుక కనిపించదు.

ఇక అసలు నిప్పే వద్దంటే? కకడులోని మున్మర్లరీలో 1973 నుంచి 20 ఏళ్ళకి పైగా హెక్టారేసి ఉన్న కొన్ని మళ్ళని కాల్చకుండా చూశారు. జామాయిల్ చెట్లు పోలేదు, వాటి కింద వేరే జాతుల పొదలు, చిన్నచెట్లు గుబురెక్కాయి. అంత పెద్ద ప్రాంతంలో, మెరుపులు పడే చోట, మనుషులు పలచగా ఉన్నచోట, నిప్పుని పూర్తిగా ఆపడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది గాంబా గడ్డి. ఆఫ్రికా నుంచి పశువుల మేతకని తెచ్చింది. నాలుగు మీటర్లు పెరుగుతుంది, నిప్పుకి దొరికే మేత బరువు అక్కడి గడ్డికి ఏడు రెట్ల దాకా, మంట తీవ్రత ఎనిమిది రెట్ల దాకా. ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా ఇది తలకిందులు చేస్తుంది. అక్కడి గడ్డి ఎండే మే నెలలో గాంబా ఇంకా పచ్చగా ఉంటుంది, కాల్చబోతే అంటుకోదు, అది ఎండేసరికి గాలులు మొదలవుతాయి. ఊలీబట్ కింద సగానికి తొడుక్కున్న బెరడు ఆ ఎత్తు మంటకి చాలదు. 2008లో నార్తర్న్ టెరిటరీ (డార్విన్, కకడు ఉన్న రాష్ట్రంలాంటి ప్రాంతం) ప్రభుత్వం దాన్ని కలుపుగా ప్రకటించింది, అప్పటికే డార్విన్ దక్షిణాన చాలా నేల పట్టేసింది. అడవి జొన్నని తగ్గించాలంటే ఒక ఉపాయం ఉంది. తొలకరికి అది మొలిచాక, గింజ పట్టకముందు, మిగిలిన ఎండుకసువుకి నిప్పు పెడితే ఆ ఏడు మొలకలన్నీ పోతాయి, నేలలో పాత గింజ నిల్వ ఉండదు కాబట్టి మరుసటి ఏడు జొన్న ఉండదు. గాంబా బహువార్షికం, కాల్చినా దుబ్బు నుంచి లేస్తుంది. మొక్కమొక్కకీ కలుపుమందు కొట్టడమో, పెకలించడమో చేయాలి.

మన దగ్గర ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఎండాకు కాలుస్తారు, తునికాకు బాగా చిగురించాలని పొదలకి నిప్పు పెడతారు. అటవీశాఖ ఎండలు ముదరకముందే దారుల వెంట ఆకు ఊడ్చి ఫైర్ లైన్లు తీస్తుంది. ఆర్నెమ్ లాండ్ కథ విని రేపే నల్లమలలో కాల్చేద్దాం అనడం మాత్రం కుదరదు, మన చెట్లు వేరు, మన గడ్డి వేరు, వానలు వేరు, అడవిలో మనుషుల రద్దీ వేరు. తీసుకోవాల్సింది అడిగే పద్ధతి, ఏ నెల, ఎంత వేడి, ఎన్నేళ్ళకోసారి, ఎవరు ఆ నేలని రోజూ చూస్తున్నారు అని.

ఆర్నెమ్ పీఠభూమి మీద అన్‌బినిక్ అనే చెట్టు ఉంది, జామాయిల్‌కి పాత చుట్టమే, దట్టంగా, చీకటిగా గుంపులు కట్టి రాతి లోయల్లో ఉంటుంది. పెద్ద మంట ఒకసారి అంచు కొరికితే ఆ అంచు కోలుకోడానికి చాలా ఏళ్ళు పడుతుంది, ఈలోపు ఇంకోసారి వస్తే గుంపు చిన్నదైపోతుంది. వార్డెకెన్ రేంజర్లు ఏటా చల్లటి నెలల్లో ఆ గుంపుల చుట్టూ నడుస్తారు. అంచు వెంట ఉన్న గడ్డికి మాత్రం, గాలి చూసుకుని, సాయంత్రం పూట నిప్పు పెడతారు, లోపలికి పాకకుండా ఊదే యంత్రాలతో ఆకు వెనక్కి నెడుతూ. మోకాలెత్తు మంట ఆ గడ్డిని తినేసి, చీకటి పడి మంచు కురిసేసరికి ఆరిపోతుంది. అక్టోబరులో ఆ వైపు ఏ మంట వచ్చినా తినడానికి అక్కడ ఏమీ ఉండదు.